కతోలిక శ్రీసభను విడిచిన మన వారి కోసం ప్రార్థిస్తూ మన విశ్వాసాన్ని నిలుపుకోవడం ఎలా?

వేకువచుక్క
మా పిల్లలిద్దరికీ పసితనంలోనే జ్ఞానస్నానం ఇప్పించాము. ప్రథమ దివ్యసత్ప్రసాదం, భద్రమైన అభ్యంగనం, అన్నీ ఏ వయసులో జరగవలసినవి ఆ వయసులో జరిగాయి. ఇప్పుడు పెద్దవాడు దేవుడే లేడంటున్నాడు. అమ్మాయి వేరొక సంఘంలో చేరి, మేము విగ్రహాలకు మొక్కుతున్నామని నాకే బోధిస్తోంది. మావారు కాలం చేశారు కాబట్టి ఇంట్లో దివ్యపూజకు వెళ్ళేది నేనొక్కదాన్నే.

ప్రార్థించడం మానలేదు గాని, నా ప్రార్థన మీద నాకే నమ్మకం పోతోంది. జపమాల చేతికి తీసుకుంటే మొదటి పది పూసలు దాటకముందే మనసులో వాదన మొదలవుతుంది: నేను ఇలా అంటే వాడు ఏమంటాడు, అమ్మాయి ఆ వచనం చూపిస్తే నేను ఏ వచనం చూపించాలి అని. సిలువ గుర్తు వేసుకుని లేచేసరికి మరియమాతతో మాట్లాడినది తక్కువ, కన్నబిడ్డలతో పోట్లాడినది ఎక్కువ అవుతోంది. ఒక్కొక్క ఆదివారం, నేను మాత్రం దేనికోసం ఇంకా వెళ్తున్నానన్న ప్రశ్న కూడా వస్తోంది. ఇలాంటి స్థితిని దాటిన వారు ఎవరైనా ఉంటే ఎలా ప్రార్థించారో చెప్పండి. వాళ్ళ కోసం పూజ చేయించవచ్చో లేదో కూడా నాకు తెలియదు.

జపమాల53
పునీత మోనికమ్మను తలుచుకోండి. కొడుకు అగుస్తీను చదువుకని కార్తేజు నగరానికి వెళ్ళి, మానీ అనే బోధకుడిని అనుసరించే మానీ మతస్థులతో కలిసిపోతే, ఆమె ఏళ్ళ తరబడి కన్నీళ్ళతో ప్రార్థించింది. 387లో ఈస్టరు జాగరణ రాత్రి మిలాను నగరంలో పునీత అంబ్రోసు చేతుల మీదుగా అతడు జ్ఞానస్నానం పొందడం కళ్ళారా చూసి, అదే సంవత్సరం ఓస్తియా రేవులో కన్నుమూసింది. శ్రీసభ ఆమె పండుగను ఆగస్టు 27న, కొడుకు పండుగను ఆ మరునాడే జరుపుతుంది. మీరు ఆశ వదులుకోకండి.

పాతగంట
జపమాల53 గారు చెప్పినదానికి ఒక చిన్న సవరణ. అగుస్తీను పసితనంలో జ్ఞానస్నానం పొందలేదు. జ్ఞానస్నానార్థిగా మాత్రమే అతని పేరు చేర్చారు. కాబట్టి ఖచ్చితంగా చెప్పాలంటే అతడు శ్రీసభను విడిచిన వాడు కాడు, లోపలికి రావడానికి నిరాకరించిన వాడు.

అయితే వేకువచుక్క గారికి పనికివచ్చే సంగతి మోనికమ్మ కథలోనే మరొకటి ఉంది. తన కొడుకుతో వాదించి దారికి తెమ్మని ఆమె ఒక పీఠాధిపతిని (బిషప్పును) వేడుకుంది. ఆయన స్వయంగా బాల్యంలో మానీ మతస్థుల మధ్య పెరిగి, వారి గ్రంథాలను ప్రతులు రాసి, ఎవరూ వాదించకుండానే వాటి డొల్లతనం గ్రహించి బయటికి వచ్చిన మనిషి. అందుకే ఆయన ఒప్పుకోలేదు. నీ కొడుకు ఇప్పుడు వినే స్థితిలో లేడు, వాడి మానాన వాడిని ఉండనిచ్చి ప్రార్థన చెయ్యి, చదువుతూ చదువుతూ తానే తెలుసుకుంటాడు అన్నాడు. ఆమె వదలకుండా ఏడుస్తుంటే విసుగెత్తి, ఇక వెళ్ళమ్మా, ఇన్ని కన్నీళ్ళ బిడ్డ నశించడం జరగదు అని పంపేశాడు. మన ప్రసంగాలలో ఆ కన్నీళ్ళ మాట ఒక్కటే వినిపిస్తుంది. అంతకుముందు ఆయన ఇచ్చిన సలహాను ఎవరూ పట్టించుకోరు.

సందేహాలరావు
అంటే పీఠాధిపతులను విసిగించే హక్కు తల్లులకు నాలుగో శతాబ్దం నుంచే ఉందన్నమాట. ఈ సంగతి మా అమ్మకు తెలియకపోవడం మా విచారణ (పారిష్) గురువు చేసుకున్న పుణ్యం.

ఉప్పురాయి
నేను మీ అందరితో విభేదిస్తున్నాను. ప్రార్థించి ఊరుకోండి అనడం మెత్తని మాట, అంతే. కావలివాడు హెచ్చరించకపోతే ఆ నెత్తురుకు అతడే బాధ్యుడని యెహెజ్కేలు 33వ అధ్యాయం చెబుతోంది. వేరే బోధతో వచ్చిన వాడిని ఇంట చేర్చుకోవద్దని యోహాను రెండవ లేఖ 10వ వచనం చెబుతోంది. నా తమ్ముడు విడిచి వెళ్ళినప్పుడు నేను స్పష్టంగా చెప్పాను, ఇప్పటికీ చెబుతున్నాను. వాడు నాతో మాట్లాడటం మానేశాడు. ఆ దుఃఖం నాకూ ఉంది గాని, సత్యం చెప్పనందుకు రేపు దేవుని ముందు తలవంచుకోవలసిన పని నాకు లేదు.

పాతగంట
ఉప్పురాయి గారూ, యోహాను ఆ మాట రాసింది ఊరూరా తిరిగి క్రీస్తు మనుష్యావతారాన్ని కాదని బోధించే వారిని గురించి. సెలవులకు ఇంటికి వచ్చే కొడుకును గురించి కాదు. మోనికమ్మ కూడా మొదట మీలాగే చేసింది. కొడుకును తన బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. ఆ తరువాత ఆమెకు ఒక కల వచ్చింది. ఒక చెక్క మీద నిలబడి ఏడుస్తున్న తనతో ఒక యువకుడు, నీవున్న చోటనే నీ కొడుకు కూడా ఉన్నాడు చూడు అన్నాడట. ఆ కల తరువాత ఆమె అగుస్తీనును మళ్ళీ తనతో కలిసి భోజనం చేయనిచ్చింది. అప్పటికి అతడు ఇసుమంతైనా మారలేదు. మరో తొమ్మిదేళ్ళు ఆ బురదలోనే ఉన్నానని అతడే రాసుకున్నాడు.

సందేహాలరావు
కావలివాడు బాకా ఊదాలి, కాదనను. పగలూ రాత్రీ ఆపకుండా ఊదితే మాత్రం ఊరివాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటారు, శత్రువు వచ్చిన రోజు కూడా లేవరు.

ఉప్పురాయి
హాస్యం బాగుంది. నా ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు. ఒక్కసారైనా చెప్పాలా, వద్దా?

తొమ్మిదోవాడు
ఒక్కసారి చెప్పాలి. నాకు మా అక్క చెప్పింది. నీవు చేస్తున్నది తప్పని నేను నమ్ముతున్నాను, ఈ మాట మళ్ళీ ఎత్తను, నీవు అడిగితే మాత్రం ఎప్పుడైనా మాట్లాడతాను అన్నది. అన్నమాట ప్రకారం ఆ ఊసు ఎత్తలేదు. నేను చాలా ఏళ్ళు బయటే ఉన్నాను. ఒక రోజు అడిగింది నేనే. ఆమె గనుక నెలకొకసారి చెబుతూ ఉండి ఉంటే, అడిగే అవకాశం నాకు మిగిలేది కాదు.

తిరిగి వచ్చిన రోజు సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే బయట ఉన్న చాలా మందిని ఆపేది వేదాంత సందేహాల కంటే ఈ జంకే. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం గదిలో మోకరిల్లాను గాని, మొదటి వాక్యం నోటికి రాలేదు. జాలీ అవతల గురువు కాసేపు ఎదురుచూసి, మీరు వచ్చేశారు కదా, మిగతాది నేను ఒక్కొక్కటిగా అడుగుతాను, మీరు అవును కాదు అని చెప్పండి చాలు అన్నారు. పశ్చాత్తాప ప్రార్థన మరచిపోతే ఆయనే ముక్కముక్కగా పలికించారు. మీ వాళ్ళు ఎప్పుడైనా తిరిగి రావాలనుకుంటే, ఏమీ గుర్తులేకపోయినా పర్వాలేదన్న సంగతి వాళ్ళకు ముందే తెలిసి ఉండటం మంచిది.

నిశ్శబ్దపాఠకుడు
ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను గాని, రాయడం ఇదే మొదలు. నేను మీ ప్రార్థనల జాబితాలో ఉండే రకం మనిషిని. శ్రీసభను విడిచాను, తిరిగి వచ్చే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు. బాధ్యత గల స్థానంలో ఉన్న ఒకరు చేసిన పని, దాన్ని చూసీ చూడనట్టు ఉన్న పెద్దలు నేను వెళ్ళడానికి కారణం. ఆ వివరాల్లోకి వెళ్ళను.

నా వాళ్ళు నా కోసం ప్రార్థించడం నన్ను బాధించదు. దాన్ని నాకు వినిపించేలా చేయడం బాధిస్తుంది. భోజనానికి ముందు అందరూ చేతులు జోడించినప్పుడు, దారి తప్పిన బిడ్డను తిరిగి తీసుకురమ్మని మా నాన్న కాస్త గొంతు పెంచి అంటారు. ఆ మాట దేవునికి ఎప్పుడు చేరుతుందో తెలియదు గాని, నాకు మాత్రం కంచం ముందు కూర్చోగానే చేరుతుంది. ఆ తరువాత నేను ఏది మాట్లాడినా, ఏ పని మానినా, ఏ జబ్బు పడినా అన్నీ ఆ ప్రార్థనకు జవాబులుగా లెక్కలోకి వెళ్తాయి. ఎప్పుడు తిరిగి వస్తావని ఇంట్లో అందరూ అడిగారు. ఎందుకు వెళ్ళావని అడిగింది మా మేనత్త ఒక్కతే. ఆమె పూర్తిగా విన్నది, నన్ను సమర్థించలేదు, ఖండించలేదు, తన జపమాలను దాచుకోనూ లేదు. నేను ఫోను చేసి గంటసేపు మాట్లాడేది ఆమెతోనే.

జపమాల53
మీకు జరిగినదానికి చాలా బాధగా ఉంది. మీరు ఇక్కడ రాసినందుకు సంతోషం. మీరు తిరిగి రావాలని ఇక్కడ రాయను, ఎందుకంటే మీరు ఇప్పుడే వద్దన్నారు.

నిశ్శబ్దపాఠకుడు
రాయనంటూనే రాసేశారు. పర్వాలేదు, నవ్వు వచ్చింది.

పాతగంట
నిశ్శబ్దపాఠకుడు గారు చెప్పినది మన బోధనలోనే ఉంది. రెండవ వాటికను మహాసభ 1965లో వెలువరించిన ఆధునిక ప్రపంచంలో శ్రీసభను గురించిన పత్రం 19వ పేరాలో, నాస్తికత్వం పుట్టడంలో విశ్వాసుల పాత్ర కూడా తక్కువేమీ కాదని, విశ్వాస బోధన సరిగా చేయకపోవడం వల్లా, తమ జీవితంలోని లోపాల వల్లా వారు దేవుని నిజమైన ముఖాన్ని కనబడకుండా చేస్తారని చెప్పింది. దీనినే శ్రీసభ బోధనల సంగ్రహమైన సత్యోపదేశం 2125వ పేరా ఉదహరిస్తూ, పరిస్థితులను బట్టి ఆ వ్యక్తి బాధ్యత గణనీయంగా తగ్గవచ్చని కూడా అంటుంది. కాబట్టి మన వాళ్ళ కోసం ప్రార్థించేటప్పుడు వాళ్ళను గాయపరచిన వారి పశ్చాత్తాపం కోసం, ఆ గాయానికి న్యాయం జరగడం కోసం కూడా ప్రార్థించాలి. ఆ పని చేయకుండా వాళ్ళు తిరిగి రావడం ఒక్కటే అడిగితే, మనకు కావలసింది బెంచీ నిండటమే అవుతుంది.

వేకువచుక్క
నిశ్శబ్దపాఠకుడు గారూ, మీ పోస్టు చాలాసేపు చదివాను. మా అబ్బాయి ఎందుకు నమ్మడం మానేశాడో నాకు సరిగ్గా తెలియదని ఇప్పుడే తెలిసింది. వాడు చెప్పబోయిన ప్రతిసారీ నేను జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఉన్నట్టుండి అడిగితే ఇదేదో కొత్త ఎత్తుగడ అనుకోడా?

నిశ్శబ్దపాఠకుడు
అనుకుంటాడు. అయినా అడగండి. అతడు చెబుతున్నంతసేపూ మీరు జవాబు చెప్పకపోతే, అది ఎత్తుగడ కాదని అతనికే అర్థమవుతుంది. ఆ ఒక్క రోజు చాలా కష్టంగా ఉంటుంది మీకు.

మూడోబెంచీ
మావారు నాస్తికులు. పెళ్ళినాటికి కాదు, తరువాత అయ్యారు. నాకు తోడుగా ఉన్నది ఎలిసబెత్ లెస్యూర్ జీవితం. ఆమె 1866లో పుట్టిన ఫ్రెంచి మహిళ, భర్త ఫెలిక్స్ వైద్యం చదివిన నాస్తికుడు, పైగా భార్య విశ్వాసాన్ని చెరపాలని పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. ఆమె వాదించడం మానేసి, మౌనంగా ప్రార్థించి, తన దీర్ఘవ్యాధిని అతని కోసం అర్పించి 1914లో మరణించింది. ఆమె రాసుకున్న దినచర్య చదివి అతడు విశ్వాసానికి తిరిగి వచ్చాడు. దోమినికన్ సభలో చేరి 1923లో గురువయ్యాడు. అవిశ్వాసి అయిన భర్తను మాట లేకుండానే నడవడితో గెలవవచ్చని పునీత పేతురు మొదటి లేఖ మూడవ అధ్యాయంలో రాసినది ఇదే.

మావారిని ఆదివారం పూజకు రమ్మని పిలవను. నేను మాత్రం ఏ ఆదివారమూ మానను. పూజకు వెళ్ళాలి కాబట్టి నన్ను తొందర పెట్టకండి అని నేను అడగవలసిన అవసరం ఇప్పుడు లేదు. ఆ వేళకు ఆయనే పనులు సర్దుకుంటారు. ఇంతకు మించి ఏమీ జరగలేదు.

బూడిదబుధవారం
ఇలాంటి కథలన్నీ చివరికి మార్పుతోనే ముగుస్తాయి, అందుకే అవి నాకు ఓదార్పునివ్వవు. మా నాన్న శ్రీసభను విడిచి, గురువును పిలవవద్దని చెప్పి, అలాగే పోయారు. మా అమ్మ, నేను ఇన్నేళ్ళు చేసిన ప్రార్థన ఎక్కడికి వెళ్ళినట్టు?

పాతగంట
అలా ముగియని కథ ఒకటి ఉంది. హ్యాసింత్ లోయిసన్ అనే కార్మెలైట్ గురువు పారిసులో పేరుమోసిన ప్రసంగీకుడు. 1869లో తన సన్యాస సభనూ శ్రీసభనూ విడిచిపెట్టి, తరువాత వివాహం చేసుకుని, సొంతంగా ఒక సంఘం పెట్టాడు. ఆ రోజుల్లో కార్మెల్ మఠాలలో అతని పేరెత్తడానికే జంకేవారు. కార్మెలైట్ సన్యాసిని అయిన లిసియూ పునీత తెరేజమ్మ మాత్రం అతడిని తన సోదరుడంటూ ఏళ్ళపాటు ప్రార్థించింది. 1897 ఆగస్టు 19న, క్షయతో మంచం పట్టి, తాను స్వీకరించిన చివరి దివ్యసత్ప్రసాదాన్ని అతని కోసమే అర్పించింది. సెప్టెంబరు 30న ఆమె చనిపోయింది. అతడు 1912 వరకు బతికాడు, శ్రీసభతో సమాధానపడకుండానే పోయాడు. ఆమె పదిహేనేళ్ళ వయసైనా నిండకముందు హంతకుడు ప్రాంజీనీ కోసం ప్రార్థించినప్పుడు, 1887లో అతడు శిరచ్ఛేదానికి ముందు సిలువను ముద్దుపెట్టుకున్నాడని పత్రికలో చదివి ఎంతో సంతోషించింది. లోయిసన్ విషయంలో అలాంటి వార్త ఏదీ ఆమెకు అందలేదు. శ్రీసభ ఆమెను పునీతగా ప్రకటించడానికి అది అడ్డు రాలేదు.

మీ నాన్నగారి విషయంలో, ఏ మనిషినీ పేరు పెట్టి నరకంలో ఉన్నాడని శ్రీసభ ఎన్నడూ ప్రకటించలేదు. మరొకరి హృదయాన్ని తాకడానికి ఎన్నడూ ఆలస్యం కాదని 16వ బెనెడిక్టు పోపు 2007లో నిరీక్షణను గురించి రాసిన విశ్వలేఖ 48వ పేరాలో, మరణించిన వారి కోసం చేసే ప్రార్థనను ఉద్దేశించే అన్నారు. మీ అమ్మగారు, మీరు ప్రార్థన ఆపవలసిన పని లేదు.

బూడిదబుధవారం
చదివాను. ఇప్పుడేమీ రాయలేను. ధన్యవాదాలు.

సందేహాలరావు
వేకువచుక్క గారు అడిగిన రెండో మాటను అందరూ దాటేశారు. తానెందుకు ఇంకా వెళ్తున్నానని ఆమె అడిగారు. ఈసారి హాస్యమాడటం లేదు, నాకూ ఆ ప్రశ్న ఉంది.

తొమ్మిదోవాడు
యోహాను సువార్త ఆరవ అధ్యాయం చదవండి. శిష్యులలో అనేకులు విడిచి వెళ్ళిపోతే ప్రభువు వాళ్ళ వెనుక పరుగెత్తలేదు, చెప్పిన మాటను పలచన చేసి పిలవలేదు. మిగిలిన పన్నెండుగురి వైపు తిరిగి, మీరు కూడా వెళ్తారా అని అడిగాడు. పేతురు ఇచ్చిన జవాబులో ఉత్సాహం కన్నా వేరే గతి లేకపోవడమే ఎక్కువ కనిపిస్తుంది నాకు. నేను వెళ్ళే చాలా ఆదివారాలు అలాంటివే.

మూడోబెంచీ
తెరేజమ్మ కూడా 1896 ఈస్టరు నుంచి చనిపోయే వరకు పరలోకం ఉందా అన్న చీకటిలోనే గడిపింది. అవిశ్వాసుల బల్ల దగ్గర వాళ్ళతో కలిసి కూర్చుని, వాళ్ళ పేరిట కరుణించమని అడుగుతున్నట్టు రాసుకుంది. సందేహాలరావు గారూ, మీకు వచ్చే సందేహాలను మీ వాళ్ళ కోసం ప్రార్థనగా మార్చుకోవచ్చు. నమ్మలేకపోవడం లోపలి నుంచి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా.

జపమాల53
జపమాల మధ్యలో వాదన మొదలైనప్పుడు నేను చేసే పని చెబుతాను. వాదనను ఆపే ప్రయత్నం చేయను. ఎవరితో వాదిస్తున్నానో ఆ మనిషి పేరు ఒక్కసారి పైకి పలికి తరువాతి పూసకు వెళ్తాను. మళ్ళీ మొదలైతే మళ్ళీ పేరు. కొన్ని రోజులు జపమాల అంతా పేరే అవుతుంది.

చట్టపుపేజీ
పూజ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. 1983 శ్రీసభ చట్టసంహిత 901వ నిబంధన ప్రకారం గురువు ఎవరి కోసమైనా, జీవించి ఉన్నవారి కోసమైనా మరణించిన వారి కోసమైనా, దివ్యపూజను అర్పించవచ్చు. 1917 నాటి సంహితలో వెలివేతకు గురైన వారి కోసం అర్పించే పూజ మీద ఆంక్షలుండేవి. ఇప్పటి నిబంధనలో అవి లేవు. మీ పిల్లల జ్ఞానస్నానపు ముద్ర కూడా చెరగలేదు. అది ఏ పాపం వల్లా చెరగదని సత్యోపదేశం 1272వ పేరాలో ఉంది, అందుకే తిరిగి వచ్చినవారికి మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు.

ఉప్పురాయి
వాళ్ళు శ్రీసభ బయట పెళ్ళి చేసుకుంటే వెళ్ళాలా, వద్దా? నేను మా తమ్ముడి పెళ్ళికి వెళ్ళలేదు.

చట్టపుపేజీ
కుటుంబసభ్యులు హాజరు కావడాన్ని గురించి చట్టంలో ప్రత్యేక నిబంధన లేదు. గురువుల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. వెళ్ళడం ఆ వివాహాన్ని ఆమోదించినట్టు అవుతుందని కొందరు, వెళ్ళకపోతే తలుపు మూసుకుపోతుందని మరికొందరు అంటారు. మీ మనస్సాక్షితో, మీ గురువుతో తేల్చుకోవలసినదే.

మూడోబెంచీ
నేనైతే వెళ్తాను. నా అభిప్రాయం ముందే తెలిసిన మనిషికి నా రాక ఆమోదంగా కనిపించదు.

వేకువచుక్క
ఇంకొక్క సందేహం. అమ్మాయికి పాప పుట్టింది. స్నానం చేయించేటప్పుడు ఎవరికీ తెలియకుండా నేనే ఆ మాటలు పలికి నీళ్ళు పోస్తే తప్పా?

చట్టపుపేజీ
దయచేసి ఆ పని చేయకండి. పాపకు ప్రాణాపాయం ఉంటే తప్ప, తల్లిదండ్రులలో ఒకరైనా ఒప్పుకోవాలని, బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతుందన్న ఆశకు ఆధారం ఉండాలని 868వ నిబంధన చెబుతోంది. చాటుగా ఇచ్చినా ఆ జ్ఞానస్నానం చెల్లుతుంది. ఆ విశ్వాసంలో పెంచేవారు లేని బిడ్డ మీద, ఆమెకే తెలియని బాధ్యత పెట్టినట్టవుతుంది. అంతేకాక, ఎప్పుడైనా బయటపడితే ఆ పాపను మీ ఒడిలో పెట్టడానికి మీ అమ్మాయి జంకుతుంది.

వేకువచుక్క
సరే, చేయను. పూజ మాత్రం చేయిస్తాను. అయితే పూజలో పేరు చదివితే విన్నవాళ్ళు వెళ్ళి మా అబ్బాయికి చెబుతారు. నిశ్శబ్దపాఠకుడు గారి నాన్నగారిలా నేనూ చేసినట్టవుతుంది.

చట్టపుపేజీ
పేరు చదివించవలసిన అవసరం లేదు. ప్రకటన అనేది సంప్రదాయమే గాని నిబంధన కాదు. ఒక నిర్దిష్టమైన మనవి కోసమని గురువుతో చెబితే సరిపోతుంది. ఆయనకు కూడా పేర్లు చెప్పనక్కరలేదు.